కీమోథెరపీతో పాటు ప్రోబయోటిక్స్: తరచుగా అడిగే ప్రశ్నలు

కీమో మొదలైన ఇంట్లో ప్రోబయోటిక్ (మేలు కోసం తీసుకునే బతికున్న సూక్ష్మజీవులు) మాట రాకుండా ఉండదు. మెడికల్ షాపులో క్యాప్సూల్ చేతిలో పెడతారు, చుట్టాలు వాట్సాప్‌లో వీడియో పంపుతారు, అమ్మ పెరుగన్నం కలిపి తెస్తుంది. ఈ మూడూ ఒకటి కాదు. ఏది ఎప్పుడు పనికొస్తుంది, ఎప్పుడు ప్రాణం మీదికి తెస్తుంది అన్నది రక్తంలోని తెల్లకణాల కౌంటును బట్టి, మందు ఎక్కించడానికి ఒంటికి పెట్టిన లైనును బట్టి, ఎక్కిస్తున్న కీమో మందును బట్టి మారిపోతుంది. ఈ జవాబులు ఆంకాలజిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు సరైన ప్రశ్నలు అడగడానికి ఉపయోగపడాలని రాసినవి. మీ రిపోర్టులు చూసిన డాక్టరు వేరేలా చెబితే ఆ మాటే వినండి.

ప్రోబయోటిక్స్ క్యాన్సర్‌ను తగ్గిస్తాయా?

తగ్గించవు. షాపులో దొరికే ఏ ప్రోబయోటిక్ అయినా మనిషి ఒంట్లోని గడ్డను కరిగిస్తుందని ఇంతవరకు రుజువు కాలేదు. కీమో మానేసి క్యాప్సూళ్లతో నెట్టుకురావచ్చని ఎవరైనా అంటే ఆ మాట నమ్మకండి. చికిత్స ఆలస్యమైన ప్రతి వారమూ రోగికే నష్టం.

కీమో మందుల వల్ల పేగు లోపలి పొర దెబ్బతిని విరేచనాలు పట్టుకుంటాయి కదా, ఆ బాధను తగ్గించడంలో కొన్ని రకాల బ్యాక్టీరియాకు కొంత పాత్ర ఉంది. ఇది చిన్న సాయమే అయినా తీసిపారేసేది కాదు. విరేచనాలు ముదిరితే డోసు తగ్గించాల్సి వస్తుంది, సైకిల్ (ఒక విడత కీమో) వాయిదా పడుతుంది. అనుకున్న డోసు అనుకున్న రోజున పడటం చికిత్సకు చాలా ముఖ్యం.

మరి బ్యాక్టీరియాతో మూత్రాశయ క్యాన్సర్‌కు చికిత్స చేస్తారని విన్నామే?

నిజమే, అది బీసీజీ. క్షయకు టీకాగా వేసే బలహీనపరచిన సజీవ బ్యాక్టీరియానే సన్నని గొట్టం ద్వారా మూత్రాశయంలోకి పంపుతారు. మామూలుగా వారానికి ఒకసారి చొప్పున 6 వారాలు ఇస్తారు. కెనడాలో అల్వారో మొరాలెస్ బృందం 1976లో ఈ పద్ధతి ఫలితాలను ప్రచురించింది. కండరం దాకా పాకని కొన్ని రకాల మూత్రాశయ క్యాన్సర్‌కు ఇప్పటికీ ఇదే ప్రధాన చికిత్స. కానీ బీసీజీ ప్రోబయోటిక్ కాదు. అది అక్కడి రోగనిరోధక కణాలను రెచ్చగొట్టే మందు, ఆసుపత్రిలోనే ఇస్తారు. దాన్ని చూపించి పేగు క్యాప్సూళ్లు అమ్మడం మోసం.

పేగులోని బ్యాక్టీరియాకూ కీమో మందుకూ అసలు సంబంధం ఏమిటి?

ఈ విషయంలో శాస్త్రం నిజంగానే ముందుకు వెళ్లింది, కాస్త వివరంగా చూద్దాం.

పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే ఇరినోటెకాన్‌ను తీసుకోండి. ఒంట్లోకి వెళ్లాక అది ఎస్ఎన్-38 అనే చురుకైన రూపంలోకి మారి కణాలను చంపుతుంది. పని అయ్యాక కాలేయం దానికి చక్కెర లాంటి ఒక అణువును తగిలించి, నిర్వీర్యం చేసి, పిత్తంతో పాటు పేగులోకి వదిలేస్తుంది. అక్కడి కొన్ని బ్యాక్టీరియా ఆ తగిలించిన ముక్కను తమ ఆహారం కోసం తెంపుకుంటాయి. దాంతో నిద్రపోయిన విషం మళ్లీ మేలుకుని పేగు పొరను కాల్చేస్తుంది. మందు ఎక్కించిన రోజు దాటాక మొదలయ్యే తీవ్ర విరేచనాలకు ఇదొక ముఖ్య కారణం. బ్యాక్టీరియా వాడే ఆ ఎంజైమును మాత్రమే అడ్డుకుంటే ఎలుకల్లో విరేచనాలు తగ్గుతాయని అమెరికాలోని నార్త్ కరోలైనా విశ్వవిద్యాలయ బృందం 2010లో చూపింది.

దీనికి తిరగబడ్డ కథ కూడా ఉంది. 2013లో రెండు బృందాల ప్రయోగాలు ఒకే శాస్త్ర పత్రిక సంచికలో వచ్చాయి. యాంటీబయోటిక్స్ ఇచ్చి పేగు బ్యాక్టీరియాను తుడిచేసిన ఎలుకల్లో ఒక ప్రయోగంలో ఆక్సాలిప్లాటిన్, రెండో ప్రయోగంలో సైక్లోఫాస్ఫమైడ్ సరిగ్గా పనిచేయలేదు. అంటే కొన్ని మందులకు పేగు బ్యాక్టీరియా తోడు అవసరం. 2017లో ఇంకో సంగతి బయటపడింది. గడ్డ లోపలే కాపురముండే కొన్ని బ్యాక్టీరియా, క్లోమ క్యాన్సర్‌కు వాడే జెమ్‌సైటబైన్‌ను విరిచి పనికిరాకుండా చేస్తున్నాయి.

అన్నిటికన్నా భయపెట్టే ఉదాహరణ 1993 నాటిది. జపాన్‌లో సోరివుడిన్ అనే వైరస్ మందు అమ్మకానికి వచ్చింది. పేగు బ్యాక్టీరియా దాన్ని మార్చేస్తే వచ్చే పదార్థం 5-ఎఫ్‌యూ రకం కీమో మందును శరీరం విరగ్గొట్టకుండా అడ్డుపడింది. రెండూ కలిపి వాడిన రోగుల్లో మందు పేరుకుపోయి పలువురు చనిపోయారు, సోరివుడిన్‌ను వెనక్కి తీసుకున్నారు. అందుకే బ్యాక్టీరియాను ‘మంచివి, చెడ్డవి’ అని రెండు బుట్టల్లో వేయడం కుదరదు. ఏ బ్యాక్టీరియా, ఏ మందు, ఏ రోగి అన్న మూడూ కలిపి చూడాలి.

మనుషుల మీద చేసిన పరీక్షల్లో ఏం తేలింది?

మొదట చెప్పాల్సింది ఫిన్లాండ్‌లో జరిగిన పరీక్ష, 2007లో ప్రచురితమైంది. పెద్దపేగు, మలాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక 5-ఎఫ్‌యూ కీమో తీసుకుంటున్న 150 మందిలో కొందరికి 24 వారాల పాటు ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ అనే రకాన్ని రోజుకు 1000 నుంచి 2000 కోట్ల బ్యాక్టీరియా చొప్పున ఇచ్చారు. తీవ్రమైన విరేచనాలు ప్రోబయోటిక్ వాడినవారిలో 22 శాతం మందికి, వాడనివారిలో 37 శాతం మందికి వచ్చాయి. పేగు బాధల వల్ల డోసు తగ్గించాల్సిన అవసరం కూడా తగ్గింది. అదే పరీక్షలో గ్వార్ గమ్ అనే పీచుపదార్థం కూడా ఇచ్చి చూశారు, దానితో తేడా ఏమీ కనిపించలేదు.

ఇరినోటెకాన్ తీసుకునేవారి మీద స్లోవేకియాలో 46 మందితో చేసిన చిన్న పరీక్షలో (2015) ప్రోబయోటిక్ వైపు తీవ్ర విరేచనాలు ఎవరికీ రాలేదు, మందు లేని ఉత్తి క్యాప్సూల్ వైపు 17 శాతం మందికి వచ్చాయి. కానీ ఇంత తక్కువ మందిలో వచ్చిన తేడాను గట్టి రుజువు అనలేం.

పొత్తికడుపు భాగానికి రేడియేషన్ తీసుకునేవారికి, రేడియేషన్‌తో పాటు కీమో తీసుకునేవారికి విరేచనాలు రాకుండా ల్యాక్టోబాసిల్లస్ రకాలు ఉపయోగపడవచ్చని అంతర్జాతీయ సహాయక చికిత్సా సంఘం ఎంఏఎస్‌సీసీ మార్గదర్శకాలు సూచించాయి. అది సూచన మాత్రమే, తప్పనిసరి అనలేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు, మలాశయ క్యాన్సర్‌కు చికిత్స తీసుకునేవారు ఈ మాట తమ డాక్టరును ప్రత్యేకంగా అడగాలి.

వాంతులు, నోటిపూత, నీరసం, జుట్టు రాలడం తగ్గుతాయా?

వాంతులకు వేరే మంచి మందులున్నాయి. జుట్టుకూ దీనికీ సంబంధం లేదు. నోటిపూత మీద కొన్ని చిన్న పరీక్షలు జరిగాయి గానీ, అందరికీ ఇవ్వమని చెప్పేంత బలం వాటికి లేదు. నోటిపూతకు ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లతో రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం ఇంతకన్నా నమ్మదగిన పని.

ఎవరు అస్సలు వేసుకోకూడదు?

ప్రోబయోటిక్ అంటే బతికున్న సూక్ష్మజీవి. పేగు పొర గట్టిగా, తెల్లకణాలు సరిపడా ఉన్నంతవరకు అది పేగులోనే ఉంటుంది. కీమో ఈ రెండింటినీ ఒకేసారి దెబ్బతీస్తుంది. పొరకు పడిన చిల్లుల గుండా అది రక్తంలోకి దిగితే అడ్డుకునేవాళ్లు ఉండరు. ల్యాక్టోబాసిల్లస్, బాసిల్లస్ క్లాసై, శాక్రోమైసిస్ బౌలార్డై అనే ఈస్ట్, ఈ మూడూ రోగుల రక్తంలో దొరికిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి.

కాబట్టి న్యూట్రోఫిల్ (ఇన్ఫెక్షన్‌తో పోరాడే ఒక రకం తెల్లకణం) కౌంటు 500 లోపు ఉన్నవారు దగ్గరికే రానివ్వకూడదు. 1000 లోపు ఉన్నా ఆపేయమనే మేం చెబుతాం. రక్తక్యాన్సర్‌కు తీవ్రమైన కీమో తీసుకుంటున్నవారు, ఎముక మజ్జ మార్పిడి అయినవారు, ఐసీయూలో ఉన్నవారు, ఎక్కువ డోసు స్టెరాయిడ్లు వాడుతున్నవారు, పేగు అడ్డుపడినవారు, పేగుకు రంధ్రం పడిందని అనుమానం ఉన్నవారు, కృత్రిమ గుండె కవాటం ఉన్నవారు తమంతట తాము మొదలుపెట్టకూడదు.

‘మేలు చేయకపోయినా కీడు చేయదు కదా’ అనేవారికి నెదర్లాండ్స్ అనుభవం చెప్పాలి. అది క్యాన్సర్‌కు సంబంధించింది కాదు, తీవ్రమైన క్లోమశోథ రోగుల మీద జరిగింది. 2008లో ఫలితాలు వచ్చాయి. ప్రోబయోటిక్ ఇచ్చినవారిలో 16 శాతం మంది, ఇవ్వనివారిలో 6 శాతం మంది చనిపోయారు. అప్పటికే దెబ్బతిన్న పేగులోకి బతికున్న బ్యాక్టీరియాను పంపేముందు ఈ అంకెలు గుర్తు తెచ్చుకోవాలి.

పోర్ట్ గానీ పిక్ లైన్ గానీ ఉంటే?

ఇవి కీమో ఎక్కించడానికి పెద్ద రక్తనాళం దాకా పెట్టే గొట్టాలు, వీటినే సెంట్రల్ లైన్ అంటారు. ఇది చాలామందికి తెలియని ప్రమాదం. శాక్రోమైసిస్ బౌలార్డై పొడి సాచెట్‌ను గానీ క్యాప్సూల్‌ను గానీ చించినప్పుడు కంటికి కనిపించని ధూళి లేచి చేతులకు, దుప్పటికి అంటుకుంటుంది. ఆ చేత్తోనే లైను మూతను ముట్టుకుంటే ఈస్ట్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది. ఇలాంటి కేసులు, కొన్ని మరణాలు చూశాకే ఐరోపా మందుల సంస్థ 2017లో సెంట్రల్ లైన్ ఉన్నవారికి, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి దీన్ని వాడకూడదని నిర్ణయించింది.

ఇంకో మాట: అదే గదిలో, పక్క మంచం మీద ఉన్న వేరే రోగి కోసం చించినా ప్రమాదమే. ఇంట్లో పిల్లలకు విరేచనాలై ఈ పొడి వాడాల్సి వస్తే వేరే గదిలో కలపండి, చేతులు సబ్బుతో కడుక్కుని గానీ రోగి దగ్గరికి రాకండి. చేతి శానిటైజరును దీనికి నమ్ముకోవద్దు, సబ్బు, పారే నీళ్లు ఉండాలి.

నా కౌంటు ఎంతో రిపోర్టులో ఎలా తెలుసుకోవాలి?

సీబీపీ రిపోర్టులో మొత్తం తెల్లకణాల సంఖ్యను న్యూట్రోఫిల్స్ శాతంతో గుణించి 100తో భాగించండి. మొత్తం తెల్లకణాలు 2,400, న్యూట్రోఫిల్స్ 35 శాతం అనుకుందాం. 2,400ను 35తో గుణించి 100తో భాగిస్తే 840. ఇదే ఏఎన్‌సీ, అంటే న్యూట్రోఫిల్ కౌంటు. చాలామంది 2,400 చూసి ‘రెండు వేలు దాటింది, పర్వాలేదు’ అనుకుంటారు. అసలు లెక్క 840 దగ్గర ఉంది.

కౌంటు పెంచే ఇంజెక్షన్ వేశాక ఈ సంఖ్య ఒక్కసారిగా ఎగసి, ఆపగానే కొంత దిగుతుంది. ఆ ఎగసిన రోజు రిపోర్టు చూసుకుని ప్రోబయోటిక్ మొదలుపెట్టకండి.

సైకిల్‌లో ఏ రోజుల్లో వాడాలి?

21 రోజుల సైకిల్ అయితే చాలా మందులకు 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య కౌంటు అట్టడుగుకు చేరుతుంది. విరేచనాలు కూడా తరచుగా ఆ రోజుల్లోనే ఉంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది: అవసరం ఎక్కువైన రోజుల్లోనే ప్రమాదమూ ఎక్కువ. అందుకే విరేచనాలు మొదలయ్యాక పరుగున కొనుక్కొచ్చి వేసుకోవడం కన్నా, కౌంటు బాగున్నప్పుడు డాక్టరు అనుమతితో ముందే మొదలుపెట్టి, అట్టడుగు రోజుల్లో కొనసాగించాలా ఆపాలా అన్నది కూడా అప్పుడే అడిగి రాయించుకోవడం మంచిది. ఫిన్లాండ్ పరీక్షలో కూడా దాన్ని రోజూ, ముందు జాగ్రత్తగానే ఇచ్చారు. వచ్చిన విరేచనాలను ఆపే మందుగా ఇవ్వలేదు.

వారం వారం కీమో తీసుకునేవారికి ఈ 7–14 లెక్క వర్తించదు. వాళ్లు ప్రతి రక్తపరీక్షా చూసుకోవాల్సిందే.

పెరుగు తినొచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే. చాలామంది రోగులు తినొచ్చు, తింటే మంచిదే. మాంసకృత్తులు, కాల్షియం అందుతాయి, నోరు పుండ్లుపడ్డప్పుడు చల్లగా దిగుతుంది. 5-ఎఫ్‌యూ, క్యాపెసిటబైన్ వాడేవారిలో పేగు దెబ్బతిని కొన్నాళ్లు పాలు అరగవు, తాగితే కడుపు ఉబ్బి విరేచనం అవుతుంది. పెరుగులో పాల చక్కెర కొంత ఖర్చయిపోయి ఉంటుంది కాబట్టి అదే మనిషికి పెరుగన్నం పడుతుంది.

కానీ పెరుగును ప్రోబయోటిక్ మందుగా లెక్కించకండి. మీ ఇంటి తోడులో ఏ బ్యాక్టీరియా ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. పక్కింటి తోడులో వేరే ఉంటుంది. పరీక్షల్లో వాడిన రకం అందులో ఉండాలనీ లేదు. పెరుగు ఆహారం, అలాగే తినండి.

కీమో రోజుల్లో ఇంట్లో తోడు వేసేటప్పుడు జాగ్రత్తలు కొంచెం పెంచాలి. పాలు పొంగు వచ్చాక ఇంకో రెండు మూడు నిమిషాలు మరగనివ్వండి. వేడినీళ్లతో కడిగి ఆరబెట్టిన స్టీలు గిన్నెలో పోసి, వేలు పెట్టి కాకుండా గిన్నె బయటివైపు తాకి గోరువెచ్చగా అయ్యిందో లేదో చూడండి. థర్మామీటర్ ఉంటే 40 నుంచి 43 డిగ్రీల సెల్సియస్. అర లీటరుకు ఒక టీస్పూను తోడు చాలు. వేసవిలో 5, 6 గంటల్లో తోడుకుంటుంది, చలికాలంలో 8 నుంచి 10 గంటలు పడుతుంది. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టి, ఆ రోజుకారోజు తినేయండి.

పొరపాటు ఎక్కువగా తోడు దగ్గరే జరుగుతుంది. నెలల తరబడి అదే తోడును తిప్పుతూ వస్తే అందులో ఈస్టులు, వేరే బ్యాక్టీరియా చేరతాయి. పెరుగు జిగురుగా సాగినా, బుడగలు వచ్చినా, సారాయి వాసన కొట్టినా, అంచున రంగు మచ్చ కనిపించినా పైపైన తీసేసి తినకుండా మొత్తం పారేయండి. కీమో జరిగినన్నాళ్లు మూడు నాలుగు రోజులకోసారి కొత్త పెరుగు ప్యాకెట్ తెరిచి దాని నుంచి తోడు తీసుకోవడం తేలికైన ఉపాయం.

కౌంటు 500 లోపు ఉన్న రోజుల్లో సీలు ఉన్న చిన్న ప్యాకెట్ కొని, తెరిచిన పూటే అయిపోగొట్టండి. మజ్జ మార్పిడి వార్డుల్లో పెరుగుకు వేరే నియమం ఉంటుంది. అక్కడ వార్డు చెప్పిందే ఖాయం.

చద్దన్నం, ఇడ్లీ, ఆవకాయ, బండి మీద మజ్జిగ?

చద్దన్నం, తరవాణి ఆరోగ్యవంతులకు మంచివే కావచ్చు, కీమో రోజుల్లో మాత్రం ఆపండి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. రాత్రంతా బయట ఉంచితే మొలకెత్తి విషం చేస్తాయి. అందులో వాంతులు తెప్పించే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ఇడ్లీ, దోసె పిండి పులిసినా ఉడికేసరికి బ్యాక్టీరియా చచ్చిపోతుంది. అందువల్ల అవి ప్రోబయోటిక్ కావు గానీ, కీమో రోగికి ఇడ్లీ అంత నిశ్చింతగా పెట్టగల తిండి ఇంకోటి లేదు. ఆవకాయ నూనె, ఉప్పు, ఆవపిండితో నిలవ ఉండేది, దాన్ని ప్రోబయోటిక్ అనుకోనక్కర్లేదు, నోటిపూత ఉంటే మంట కూడా. బండి మీద మజ్జిగ, లస్సీలో సమస్య పెరుగు కాదు, అందులో కలిపిన నీళ్లు, ఐసు. అవి వద్దు.

షాపులో కొనేటప్పుడు డబ్బా మీద ఏం చూడాలి?

మొదట పూర్తి పేరు. ప్రజాతి, జాతి పేర్లు మాత్రమే చాలవు, చివర రకం గుర్తు ఉండాలి. ‘ల్యాక్టోబాసిల్లస్ రామ్నోసస్’ అని రాసి ఆగిపోతే అది పరీక్షల్లో వాడిన జీజీ రకమో కాదో చెప్పలేం. 2020లో ఈ కుటుంబాన్ని శాస్త్రవేత్తలు కొత్తగా విభజించారు కాబట్టి, అదే బ్యాక్టీరియా కొత్త డబ్బాల మీద ‘ల్యాక్టికేసిబాసిల్లస్ రామ్నోసస్’ అని కనిపించవచ్చు. కంగారుపడకండి.

తర్వాత సంఖ్య. సీఎఫ్‌యూ అంటే బతికున్న బ్యాక్టీరియా లెక్క. 1 బిలియన్ అంటే 100 కోట్లు. ఈ లెక్క తయారైన రోజుదా, గడువు తేదీ దాకా హామీ ఇచ్చేదా అన్నది చూడండి. రెండోదే కావాలి. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన రకాన్ని షాపువాళ్లు ఎండపడే అరలో పెట్టి అమ్ముతుంటే కొనకండి, చచ్చిన పొడికి డబ్బులు పోసినట్టే.

మన దగ్గర తరచుగా కనిపించేవాటిలో యాకుల్ట్ 65 మిల్లీలీటర్ల సీసాలో 650 కోట్ల ల్యాక్టోబాసిల్లస్ కేసీ శిరోటా ఉంటుంది. ఎంటెరోజెర్మినా 5 మిల్లీలీటర్ల గొట్టంలో 200 కోట్ల బాసిల్లస్ క్లాసై బీజాలు ఉంటాయి. ఎకోనార్మ్‌లో ఉండేది ముందు చెప్పిన ఈస్ట్, శాక్రోమైసిస్ బౌలార్డై. మూడూ మూడు వేర్వేరు జీవులు. ఒకటి దొరక్కపోతే ఇంకోటి ఇచ్చేయమనడం తప్పు. డాక్టరు రాసిన పేరే కావాలని అడగండి. ‘16 రకాలు, 5000 కోట్లు’ అని పెద్దక్షరాలతో రాసిన డబ్బా మేలైనదనుకోవడం కూడా భ్రమే. రకాలు పెరిగేకొద్దీ, తేడా వస్తే కారణం ఏదో తెలుసుకోవడం కష్టమవుతుంది. అమెరికా నుంచి పిల్లలు పంపిన సీసాకు కూడా ఇదే వర్తిస్తుంది: అక్కడ ఇవి చాలావరకు ఆహార పదార్థాలుగా అమ్ముడయ్యేవే, మందులుగా అనుమతి పొందినవి కావు.

వేసుకునే పద్ధతి ఏమిటి?

వేడి కాఫీలో, వేడి జావలో కలపకండి. చల్లని లేదా మామూలు నీళ్లు, చల్లారిన అన్నం, పెరుగు సరిపోతాయి. కలిపాక వెంటనే తీసుకోవాలి, పొద్దున కలిపి మధ్యాహ్నం తాగడం కాదు. యాంటీబయోటిక్ వాడుతుంటే రెండింటికీ మధ్య కనీసం 2 గంటల ఎడం ఇవ్వండి. ఈస్ట్ రకానికి యాంటీబయోటిక్ అడ్డం కాదు గానీ ఫ్లూకొనజోల్ లాంటి ఫంగస్ మందులు దాన్ని చంపేస్తాయి. మొదటి రెండు మూడు రోజులు కడుపు ఉబ్బరం, గ్యాస్ మామూలే. నాలుగైదు రోజులు దాటినా తగ్గకపోతే మానేయండి.

విరేచనాలు మొదలయ్యాయి. ప్రోబయోటిక్ డోసు పెంచమంటారా?

వద్దు. ఈ దశలో ప్రోబయోటిక్ పక్కన పెట్టి వేరే పనులు చేయాలి.

రోజుకు ఎన్నిసార్లో లెక్క రాయండి. మామూలు కన్నా 4 నుంచి 6 సార్లు ఎక్కువైతే రెండో స్థాయి, 7 సార్లు అంతకు మించితే మూడో స్థాయి. మూడో స్థాయి అంటే ఆసుపత్రికి ఫోన్ చేయాల్సిందే. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. సగం పొడి సగం గ్లాసులో అంచనాగా కలిపితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది. కలిపినది 24 గంటల్లో అయిపోవాలి, మిగిలితే పారబోయండి. ఓఆర్‌ఎస్ పేరు పోలిన తీపి పానీయాల అట్టపెట్టెలు దీనికి పనికిరావు.

విరేచనాలను ఆపే లోపెరమైడ్ మాత్రలు కీమో మొదటి రోజే రాసి ఇచ్చి ఉంటారు. సాధారణంగా మొదట 4 మిల్లీగ్రాములు, తర్వాత ప్రతి 4 గంటలకు లేదా ప్రతి నీళ్ల విరేచనం తర్వాత 2 మిల్లీగ్రాములు. ఇరినోటెకాన్ వాడేవారికి 2 గంటలకోసారి వేసుకోమని వేరుగా చెబుతారు. మీ చీటీలో ఎలా ఉందో అలాగే పాటించండి. జ్వరం ఉన్నా, విరేచనంలో రక్తం పడినా, ఇటీవల యాంటీబయోటిక్ వాడి ఉన్నా అడగకుండా వేసుకోవద్దు. క్లాస్ట్రిడియోయిడిస్ డిఫిసిలే అనే ఇన్ఫెక్షన్ అయితే పేగును ఆపడం ప్రమాదం, ముందు మలపరీక్ష కావాలి.

5-ఎఫ్‌యూ లేదా క్యాపెసిటబైన్ మొదటి సైకిల్‌లోనే, కొద్ది రోజుల్లోనే భరించలేని విరేచనాలు, నోటిపూత రెండూ కలిసి వస్తే శరీరంలో ఆ మందును విరిచే డీపీడీ ఎంజైము లోపం ఉండొచ్చు. క్యాపెసిటబైన్ మాత్రలు ఇంట్లోనే మింగుతుంటారు కాబట్టి వెంటనే ఆపి, అప్పటికప్పుడు డాక్టరుకు చెప్పాలి. ఇక్కడ పెరుగు, ప్రోబయోటిక్ అంటూ రెండు రోజులు గడిపితే ప్రాణానికే ముప్పు.

ఇమ్యునోథెరపీ తీసుకునేవారి సంగతి?

ఇమ్యునోథెరపీ అంటే మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స. ఇక్కడ లెక్క ఇంకా జాగ్రత్తగా వేయాలి. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల మీద అమెరికాలో జరిగిన అధ్యయనం (2021) ప్రకారం రోజుకు 20 గ్రాములకు పైగా పీచు తినేవారిలో ఇమ్యునోథెరపీ ఫలితం మెరుగ్గా ఉంది. షాపు ప్రోబయోటిక్స్ వాడినవారికి అలాంటి మేలు కనిపించలేదు, అదే అధ్యయనంలోని ఎలుకల్లో అయితే చికిత్స ప్రభావం తగ్గింది. ఇంకోవైపు కిడ్నీ క్యాన్సర్ రోగులు 30 మందితో చేసిన తొలిదశ పరీక్షలో (2022) సీబీఎం588 అనే క్లాస్ట్రిడియం బ్యుటిరికమ్ రకాన్ని రెండు ఇమ్యునోథెరపీ మందులతో కలిపి ఇస్తే, జబ్బు ముదరకుండా నిలిచిన కాలం 2.5 నెలల నుంచి 12.7 నెలలకు పెరిగింది. ఆశ కలిగించే ఫలితమే, కానీ 30 మంది చాలా తక్కువ. పెద్ద పరీక్షలు తేల్చేదాకా ఇమ్యునోథెరపీ మీద ఉన్నవారు సొంతంగా క్యాప్సూళ్లు వాడకపోవడమే మేలు.

పీచు మన వంటింట్లోనే ఉంది. 100 గ్రాముల పొడి గింజల లెక్కన రాగిలో సుమారు 11 గ్రాములు, జొన్నల్లో 10, కందిపప్పులో 9 గ్రాముల పీచు ఉంటుంది. పాలిష్ బియ్యంలో 3 గ్రాములకు మించదు. ఒక పూట జొన్నరొట్టె, రెండో పూట పప్పు, కూర తింటే 20 గ్రాములు కష్టం కాదు. విరేచనాలు అవుతున్న రోజుల్లో, పేగు సన్నబడిన వారికి ఈ సలహా తిరగబడుతుంది, పీచు తగ్గించాలి.

యాంటీబయోటిక్ కోర్సు అయ్యాక పేగును ‘మళ్లీ నింపడానికి’ వాడొచ్చా?

అందరూ అవునంటారు, పరీక్ష మాత్రం వేరే చెప్పింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ 2018లో ఆరోగ్యవంతులకు యాంటీబయోటిక్స్ ఇచ్చి చూసింది. తర్వాత ప్రోబయోటిక్ వాడినవారిలో సొంత బ్యాక్టీరియా తిరిగి కుదురుకోవడం, ఏమీ వాడనివారి కన్నా ఆలస్యమైంది. బయటి నుంచి వచ్చినవి చోటు ఆక్రమించేశాయి. కోర్సు అయ్యాక ఓపికగా మామూలు తిండికి రావడమే చాలామందికి సరిపోతుంది.

గడ్డలోకే వెళ్లి మందు వదిలే బ్యాక్టీరియా వచ్చేసిందంటున్నారు, ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడా దొరకదు, పరిశోధనలోనే ఉంది. గడ్డ లోపలి భాగాలకు రక్తం, ఆక్సిజన్ సరిగా అందవు, కీమో మందు కూడా అక్కడికి చేరదు. ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియాకు అదే అనువైన చోటు. కీమో చేరలేని చోటికి బ్యాక్టీరియాను పంపి, బయటి అంచును కీమోతో కొట్టాలన్నది ఆలోచన. జాన్స్ హాప్కిన్స్ బృందం 2001లో విషపు జన్యువు తీసేసిన క్లాస్ట్రిడియం నోవై బీజాలను కీమో మందులతో కలిపి ఎలుకలకు ఇస్తే గడ్డలు వేగంగా కరిగాయి. కానీ కొన్ని ఎలుకలు కూడా చచ్చిపోయాయి.

ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నది ఈ.కొలై నిస్లే 1917. జర్మనీలో ఆల్ఫ్రెడ్ నిస్లే, తోటివారికి విరేచనాలు పట్టినా తనకు పట్టని ఒక సైనికుడి మలం నుంచి 1917లో వేరుచేసిన రకం ఇది. సింగపూర్ బృందం 2018లో దీన్ని పెద్దపేగు గడ్డకు అంటుకునేలా మార్చి, బ్రోకలీలోని పదార్థాన్ని క్యాన్సర్‌ను చంపే రూపంలోకి మార్చేలా చేసి ఎలుకల్లో గడ్డలను తగ్గించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో 2023లో ఇదే బ్యాక్టీరియా గడ్డ లోపల గుర్తులు వదిలి కార్-టీ కణాలకు (క్యాన్సర్‌ను వెతికి చంపేలా మార్చిన రోగనిరోధక కణాలు) దారి చూపేలా చేశారు, అదీ ఎలుకల్లోనే. ఎలుకల్లో గెలిచింది మనిషిలో గెలుస్తుందని లేదు: బలహీనపరచిన సాల్మొనెల్లాను 2002లో ప్రచురించిన పరీక్షలో రోగులకు ఎక్కిస్తే గడ్డలు తగ్గలేదు. పైగా నిస్లే రకం, డీఎన్‌ఏను దెబ్బతీసే కొలిబాక్టిన్ అనే పదార్థాన్ని తయారుచేయగలదు. క్యాన్సర్ రోగికి ఇవ్వబోయేముందు తేల్చుకోవాల్సిన విషయం అది.

డాక్టరుకు ఏం చెప్పాలి?

డబ్బా చూపించండి లేదా ముందూ వెనకా ఫొటో తీసుకెళ్లండి. ఎప్పటి నుంచి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో చెప్పండి. తిడతారేమోనని దాచిపెట్టేవారు చాలామంది. దాచడం వల్ల వచ్చే నష్టం ల్యాబులో తెలుస్తుంది: రక్తం కల్చర్‌లో ల్యాక్టోబాసిల్లస్ గానీ బాసిల్లస్ గానీ పెరిగితే, చర్మం నుంచి కలిసిన మలినం అనుకుని పక్కన పెట్టే అవకాశం ఉంది. మీరు ఫలానా ప్రోబయోటిక్ వాడుతున్నారని తెలిస్తే ఆ పొరపాటు జరగదు, సరైన యాంటీబయోటిక్ ఆ రోజే మొదలవుతుంది.

జ్వరం వస్తే?

ప్రోబయోటిక్ ఆ క్షణమే ఆపేయండి. ఒక్కసారి 38.3 డిగ్రీల సెల్సియస్ (101 ఫారెన్‌హీట్) చూపించినా, 38 డిగ్రీలు (100.4) గంటసేపు నిలిచినా, చలి, వణుకు వచ్చినా తెల్లారేదాకా ఆగకండి. పారాసిటమాల్ వేసి చూద్దామనుకోవద్దు, అది జ్వరాన్ని కప్పేస్తుంది గానీ ఇన్ఫెక్షన్‌ను ఆపదు. వెంట కీమో ఫైలు, చివరి సీబీపీ రిపోర్టు, ప్రోబయోటిక్ డబ్బా పట్టుకెళ్లండి. ఎమర్జెన్సీలో కలిసే మొదటి డాక్టరుకు మూడు మాటలు చెప్పండి: కీమో పడి ఎన్నో రోజు, పోర్ట్ ఉందా లేదా, ఏ ప్రోబయోటిక్ వాడారు.